ఐదు గంటలకు పడే లైను

ఫొటోలు పోయింది బుధవారం. పోయినట్టు టీచరుకు తెలిసింది సాయంత్రం ఐదూ ఐదుకి, స్టాఫ్‌రూమ్ మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చున్నాక.

రోజూ ఆ వేళకి ఆమె అక్కడ కూర్చునేది. పెద్ద పనేమీ ఉండదు. ఒక ఫైలు తెరిచి, అందులో ఆఖరి లైను చదివి, మూసి, బ్యాగు భుజాన వేసుకోవడం. ఎనిమిది నెలలుగా ఆ లైను ఒకటే. తేదీ, ఐదు గంటలు, ‘తుడవొద్దు’ అనే పేరు, దాని పక్కన ‘కలిసింది’ అనే మాట. మారేది తేదీ ఒక్కటే.

ఆ బుధవారం ‘కలవలేదు’ అని పడింది. ఈ ఖాతా మూసివేశారు అని దాని కింద ఇంకో ముక్క. ఆమె కాపీలుండే డిస్కు తెరిచి చూసింది. పదకొండేళ్ల ఫోల్డర్లు వరసగా ఉండే చోట రెండే ఫైళ్లున్నాయి. ఒకటి రోజూ ఐదింటికి దానంతటది నడిచి ఫొటోలు కాపీ చేసే ఆదేశాల ఫైలు, స్క్రిప్టు. రెండోది ఆమె ఇప్పుడే చదివిన ఆ లైన్ల ఫైలు. ఇంకేమీ లేవు. ఆమె డిస్కు మూసి మళ్ళీ తెరిచింది. అవే రెండు.

‘తుడవొద్దు’ ఆమె భర్త. ఆ బడిలోనే లెక్కల మాస్టారు. ఆఖరి గంట కొట్టగానే మెడలో కెమెరా వేసుకుని వరండా పొడుగునా పరుగు తీసేవాడు. “ఆగండాగండి! తుడవొద్దు!” అని ఆయన కేక, వెనక పిల్లల నవ్వులు. మొదటి గది తనది. అక్కణ్ణుంచి ఆరో గది దాకా ఒక్కో బోర్డుకీ ఒక్కో ఫొటో. చివరిగా ఏడో గది. అది ఆమెది, పద్యాలూ వ్యాసాలూ చెప్పే గది. అక్కడ ఫొటో అయ్యాక ఇద్దరూ కలిసి ఇంటికి నడిచేవారు. జ్వరం వచ్చి వారం రోజులు బడికి రాని పిల్ల ఎవరైనా “ఏం చెప్పారు సార్?” అని అడిగితే ఆయన నోటితో చెప్పేవాడు కాదు. ఆ వారం బోర్డులన్నీ తెరిచి ముందు పెట్టేవాడు. పిల్లలు పెట్టిన పేరు ఆయనకెంత నచ్చిందంటే, కంప్యూటర్ ఖాతాకి ఏ పేరు పెట్టమంటారని అడిగినప్పుడు అదే ఇచ్చాడు.

ఆఖరి రోజు శనివారం. ఆ పొద్దున ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. బాగు చేయించిన అత్తగారి కళ్ళజోడు తెస్తానని మూడోసారి మరిచిపోయాడు ఆయన. గోరంత విషయం. కానీ ఆమె దాన్ని మనసులో పెట్టుకుని, గంట కొట్టకముందే ఏడో గది బోర్డు తుడిచేసింది. కావాలనే. ఆయన గుమ్మంలో ఆగి బోర్డుకేసి చూశాడు.

“తుడిచేశారా టీచర్‌గారూ?”

“తుడిచేశాను.”

ఆమె వెనక్కి తిరగలేదు. కిటికీలు మూసే పనిలో పడింది. ఆయన ఫొటో తీశాడో, తీయకుండానే కెమెరా దించేశాడో చూడలేదు. ఇంటికి వచ్చాక కోపం పోయింది. అన్నాలు తిన్నారు, వర్షం గురించి మాట్లాడుకున్నారు, నవ్వుకున్నారు కూడా. ఫొటో సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆదివారం పొద్దున ఆయన లేవలేదు.

ఆ శనివారం ఫోల్డరు ఆమె ఇంతవరకు తెరవలేదు. తెరిస్తే అందులో ఆరు ఫొటోలుంటాయో, ఏడుంటాయో తెలిసిపోతుంది. రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటూ ఎనిమిది నెలలు గడిపింది. ఫోల్డరు అక్కడే ఉంటుందిగదా అని ధైర్యం.

ఇంటికి చేరేసరికి అత్తగారు వాకిలి దగ్గర కుర్చీలో ఉంది. ఆవిడకి ఇప్పుడు మనుషులు నీడల్లాగే కనబడతారు. చెప్పుల చప్పుడుని బట్టి మనిషిని పోల్చుకుంటుంది.

“ఏమ్మా, పడిందా?” అని అడిగింది.

ఆ ప్రశ్న ఎనిమిది నెలల నాటిది. ఆయన పోయిన మూడో వారంలో, ఏదో ఒకటి మాట్లాడాలని, రోజూ ఐదింటికి ఆయన పేరు కంప్యూటర్లో పడుతోంది అత్తయ్యా అని చెప్పింది ఆమె. ఆవిడకి స్క్రిప్టంటే ఏమిటో తెలియదు. చాలాసేపు ఆలోచించి, “అయితే వాడు బడి మానలేదన్నమాట,” అంది. ఆ తర్వాత అడగని రోజు లేదు.

“పడింది అత్తయ్యా,” అంది ఆమె. ఆవిడతో అబద్ధం చెప్పడం అదే మొదటిసారి.

*

గురువారం పొద్దున ఆఫీసు గదిలో గుమాస్తా ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు. లేవడంలోనే సంగతి తెలిసిపోయింది.

“తప్పు నాదేనమ్మా. తనిఖీవాళ్ళు ఉత్తరం పెట్టారు. బడిలో లేనివాళ్ళ ఖాతాలన్నీ మూసెయ్యమని. మాస్టారిది ఇన్నాళ్ళూ నేనే చూసీ చూడనట్టు వదిలేశాను. నా జాబితాలో కూడా రోజూ ఐదింటికి ఆయన పేరు వచ్చేది. ఏదో, పలకరించినట్టుండేది. నిన్న మధ్యాహ్నం మూసేశాను.”

“నాకో మాట చెప్పాల్సింది.”

“చెప్పాలనే ఏడో గది దాకా వచ్చానమ్మా. మీరు పద్యం చదువుతున్నారు. గుమ్మంలోంచే వెనక్కొచ్చేశాను.”

“ఆయన ఫోల్డరు కూడా పోయిందా?” అని అడిగింది.

“లేదమ్మా, అసలైనవి పెద్దపెట్టెలోనే ఉన్నాయి.” పెద్దపెట్టె అంటే ఆఫీసు గది వెనక గుయ్‌మంటూ ఉండే సర్వరు. బడి మొత్తం కాగితాలు దాని కడుపులోనే ఉంటాయి. “కానీ అది ముసలిదైపోయింది. శనివారం పొద్దున కొత్తది వస్తోంది. యజమాని లేని ఫోల్డర్లు కొత్తదాన్లోకి ఎక్కించరట.”

“యజమానిగా నన్ను రాయండి.”

“దానికో కాగితం ఉంది. పైకి వెళ్ళి రావడానికి వారం పడుతుంది. శనివారంలోపల రాదు. అందాకా ఒక పని చేస్తాను. మీ పేరు మీద చూసే అనుమతి ఇస్తాను. శుక్రవారం సాయంత్రంలోగా కాపీ తీసేసుకోండి.”

కాగితంలో ‘సంబంధం’ అని ఒక గడి ఉంది. ఆమె ‘భార్య’ అని రాసింది. దాని కింద ‘కారణం’ అని ఇంకో గడి. కలం పట్టుకుని కొంచెంసేపు ఆగి ‘చూడాలి’ అని రాసింది.

గుమాస్తా తల గోక్కున్నాడు. “ఒక్క మాటేనా? పైవాళ్ళకి చాలదేమోనమ్మా.”

“అంతకన్నా లేదండీ,” అంది.

*

కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే అమ్మాయి ఒకప్పుడు ఆ బడిలోనే చదువుకుంది. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని, అది కనబడక టేబులంతా వెతికే రకం. మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని మాస్టారి స్క్రిప్టు తెరిచింది. మొత్తం పదిహేను లైన్లు. టీచరు వెనక నిలబడి చూసింది. ఆయన చేతిరాత తప్ప ఆయన రాసిన ఇలాంటి రాత ఆమె ఎప్పుడూ చూడలేదు.

“చూడండి టీచర్. మొదటి లైను, నెట్ యూజ్ అని ఉందే, అది పెద్దపెట్టెలో ఉన్న మాస్టారి ఫోల్డరుకి బీ అని ఒక అక్షరం తగిలిస్తుంది. డ్రైవు అంటాం. రెండో లైను, ఆ బీలోకి వెళ్ళు. మూడోది, నువ్వున్న చోట ఏముందో అదంతా కాపీ డిస్కులో ఉన్నదున్నట్టు దించు. ఇక్కడ లేనిది అక్కడ ఉండకూడదు, ఉంటే తీసెయ్.”

“మరి నిన్న?”

“నిన్న ఖాతా మూసేశారు కాబట్టి బీ తగల్లేదు. బీలోకి వెళ్ళమంటే అదెక్కడుంది? వెళ్ళలేదు. ఉన్న చోటే నిలబడింది. ఉన్న చోటంటే ఈ స్క్రిప్టు పెట్టిన ఫోల్డరు. ఇందులో ఉన్నవి రెండు ఫైళ్లు. ఆ రెండే దించి, మిగతావన్నీ...” చేత్తో గాల్లో తుడిచినట్టు చూపించి, ఎవరి ముందు చూపిస్తోందో గుర్తొచ్చి చెయ్యి దించేసింది. “చెప్పిన మాట చెప్పినట్టు వింది, అంతే. కలవకపోతే ఆగు అని ఒక్క లైను రాసుంటే సరిపోయేది. ఊరందర్నీ ఆగండాగండి అన్న మనిషి, దీన్ని మాత్రం ఆగమనలేదు.”

టీచరుకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

“ఇంకొకటి. పాస్‌వర్డు ఎవరైనా ఇలా బాహాటంగా రాసిపెడతారా? మాకు క్లాసులో మాత్రం ఎవరికీ చూపించొద్దని చెప్పేవారు!” అని ల్యాబ్ అమ్మాయి మొదటి లైను చివర వేలు పెట్టింది.

టీచరు వంగి చూసింది. ‘ఏడోగది’ అని ఉంది.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ల్యాబ్ అమ్మాయి జుట్టు ముడిలో పెన్సిలు వెతుక్కుంటూ, దొరికినా వెతుకుతూనే ఉంది.

“ఖాతా ఏ పేరుతో చెయ్యమంటారు టీచర్?” అని చివరికి అడిగింది.

“అదే. ఏడోగది.”

గుమాస్తా అటునుంచి అనుమతి ఇచ్చాడు. ల్యాబ్ అమ్మాయి కొత్త పేరుతో బీ తగిలించబోతే కంప్యూటర్ ఒప్పుకోలేదు. ఒకే సర్వరుకి ఒకే మనిషి రెండు పేర్లతో కలవడం కుదరదట. పాతది విడదీసి రమ్మంది. జాబితా తెరిస్తే నిజమే, బీ ఎదురుగా ఆయన ఫోల్డరు పేరు ఇంకా ఉంది. దాని పక్కన ‘అందుబాటులో లేదు’ అని.

“తీసెయ్యాలి టీచర్. తీస్తే గాని మీది తగలదు. ఇది వట్టి లంకె. ఫొటోలకేం కాదు, నాదీ పూచీ.”

“వేరే అక్షరం పెట్టుకోకూడదా?”

“పెట్టి చూశాను. గొడవ అక్షరంతో కాదు, పేరుతో.”

తీసేసే మాట టైపు చేసి, ల్యాబ్ అమ్మాయి చేతులు వెనక్కి తీసుకుంది. అవునా, కాదా అని తెర మీద ప్రశ్న. కింద చిన్న గీత వెలుగుతూ ఆరుతూ ఉంది. టీచరు వరండాలో పిల్లల కేకలు విన్నది. ఎవడో ఎవణ్ణో ‘ఒరేయ్ నత్తా, కదలరా’ అంటున్నాడు. ఆమె అవును అన్న అక్షరం నొక్కింది. జాబితాలో ఆ వరస పోయింది. పోవడానికి రెప్పపాటు కూడా పట్టలేదు.

తర్వాత బీ తగిలింది. తెర మీది కిటికీలో పదకొండేళ్ల ఫోల్డర్లు తేదీల వారీగా దిగుతూ వచ్చాయి.

“హమ్మయ్య, అన్నీ ఉన్నాయి! ఆఖరిది తెరవనా?” అని ల్యాబ్ అమ్మాయి చెయ్యి చాపింది.

“వద్దు,” అంది టీచరు కొంచెం గట్టిగానే. “ముందు కాపీ కానీ.”

చేత్తో లాగితే కాపీ కాలేదు. పిల్లలు చెడగొట్టకుండా మాస్టారు ఆ కాపీ డిస్కుకి తాళం వేశాడు. అడ్మిన్‌గా, అంటే పూర్తి అధికారంతో, నడిపే స్క్రిప్టు తప్ప ఇంకెవరు రాసినా అది తీసుకోదు. పోనీ వేరే చోట పెడదామంటే, అన్ని ఫొటోలు పట్టే చోటు ఆ బడిలో ఆ డిస్కు ఒక్కటే.

“స్క్రిప్టుతోనే చేద్దాం. బీ ఎలాగూ శాశ్వతంగా తగిలించాం కాబట్టి, ప్రతిరోజూ తగిలించే ఈ మొదటి లైనెందుకు? దీనివల్లే కదా గొడవంతా,” అని ల్యాబ్ అమ్మాయి ఆ లైను తీసేసింది. దాని స్థానంలో ‘బీ కనబడకపోతే ఆగు’ అని రాసింది.

ఐదయింది. స్క్రిప్టు నడిచింది. వెంటనే ఆగింది. బీ కనబడలేదు అని రాసింది.

“కనబడకపోవడమేమిటి? ఇదిగో, నా కళ్ళ ముందుంది!” అంది ల్యాబ్ అమ్మాయి. కిటికీలో ఫోల్డర్లు అలాగే ఉన్నాయి. అక్షరం మార్చింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టింది. స్క్రిప్టుని చేత్తో నడిపింది. మనిషికి కనబడుతున్నది స్క్రిప్టుకి కనబడటంలేదు. ఆరింటికి గదికి తాళం వేసేవాడు వచ్చి తలుపు దగ్గర దగ్గాడు.

ఆ సాయంత్రం అత్తగారు, “ఇవాళ ఆలస్యమైందేం? పడలేదా?” అంది.

“పడింది. పని ఉండి ఆగాను.”

“వాడూ అంతే. ఎప్పుడూ ఏదో పని,” అంది ఆవిడ.

*

శుక్రవారం మధ్యాహ్నం ల్యాబ్ అమ్మాయి భోజనం డబ్బా చేత్తో పట్టుకునే ఏడో గదికి పరుగెత్తుకొచ్చింది. మూత కూడా పెట్టలేదు.

“దొరికింది టీచర్! ఎంత మొద్దునో నేను! మనం మామూలుగా లోపలికి వచ్చి బీ తగిలించాం. స్క్రిప్టేమో అడ్మిన్‌గా నడుస్తుంది. మనిషి ఒకడే, పేరు ఒకటే, కానీ కంప్యూటర్ లెక్కలో ఇద్దరు. వీడు తగిలించుకున్నది వాడికి కనబడదు. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి అలమర ఒకరికి తెలియనట్టు.”

“మరి ఆయన ఉన్నప్పుడు ఎలా నడిచింది?”

“అదే చెప్తున్నా. మొదటి లైను! నేను తీసేశానే, అది. స్క్రిప్టు లోపల్నుంచే తగిలిస్తే, అడ్మిన్‌గా నడిచేవాడే తగిలించుకున్నట్టు. అప్పుడు కనబడుతుంది. మాస్టారికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. అందుకే రోజూ తగిలించేవారు. నేనే తెలివితేటలకి పోయి పీకేశాను.”

సాయంత్రం నాలుగున్నరకి ఇద్దరూ మళ్ళీ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. మొదటి లైను తిరిగి వచ్చింది, కొత్త పేరుతో. ఈసారి పాస్‌వర్డు లైన్లో రాయలేదు, కంప్యూటర్నే దాచుకోమన్నారు. తగలకపోతే అక్కడే ఆగిపోవాలి. ఆ తర్వాతే బీలోకి వెళ్ళడం, ఆ తర్వాతే దించడం.

“పాత లైను ఉంచకూడదా?” అని అడిగింది టీచరు.

“ఉంచొచ్చు. ముందు ఈ మూడక్షరాలు పెడితే కంప్యూటర్ దాన్ని చదవకుండా దాటేస్తుంది. మనుషులు చదువుకోవచ్చు.” మూడక్షరాలు పెట్టి, ఆయన లైనుని కొత్త లైనుకి పైన పెట్టింది.

ఐదయింది. కొత్త వరస పడింది. తేదీ, ఐదు గంటలు, ‘ఏడోగది’, ‘కలిసింది’. తెర మీద ఫైళ్ల పేర్లు పైకి పాకడం మొదలుపెట్టాయి. మొదటి సంవత్సరం మొదటి నెల. పెద్దపెట్టె ముసలిది కాబట్టి మధ్య మధ్య ఆయాసపడి ఆగేది. ఆగిన చోట నుంచే మళ్ళీ అందుకునేది. ల్యాబ్ అమ్మాయి గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది.

“మాస్టారు నా బోర్డు కూడా ఒకటి తీశారు తెలుసా టీచర్. ఎనిమిదో తరగతిలో లెక్క తప్పు చేశాను. తుడవబోతే ఆపి ఫొటో తీశారు. తప్పు కూడా పాఠమేనే, ఉండనీ అన్నారు. ఎక్కడో ఉండే ఉంటుంది అందులో.”

“వెతికి పెడతాను,” అంది టీచరు.

గంట దాటాక పేర్లు ఆగాయి. కింద లెక్క వచ్చింది. పదిహేను వేల పైచిలుకు, పోయినవి ఏమీ లేవు. ల్యాబ్ అమ్మాయి కుర్చీలోంచి లేచి టీచరు ముఖం చూసి, “గుమాస్తాగారికి చెప్పొస్తాను,” అని బయటికి నడిచింది. వెళ్తూ తలుపు దగ్గరగా వేసింది.

టీచరు ఆ శనివారం ఫోల్డరు తెరిచింది.

ఏడున్నాయి.

మొదటి ఆరూ ఎప్పటిలాంటివే. ఆయన లెక్క, పక్క గది పటం, ఎవరిదో సైన్సు బొమ్మ. ఏడోది తుడిచిన బోర్డు. డస్టరు వేసిన తెల్లటి వంకరలు, వాటి కింద చెదిరిన అక్షరాలు, చదవడానికి రానివి. పైన కుడి మూల తేదీ మాత్రం తుడవకుండా మిగిలింది. ఆ తొందరలో ఆమె అది చూసుకోలేదు. బోర్డుకి ఎడమ పక్క, ఫొటో అంచున, కిటికీ గొళ్ళెం వేస్తున్న చెయ్యి ఒకటి. మణికట్టు దాకా సుద్దపొడి.

పదకొండేళ్లలో ఆయన ఏ ఫొటోలోనూ మనిషి పడనివ్వలేదు. ఎవరైనా అడ్డొస్తే పక్కకి జరగమని, జరిగాకే తీసేవాడు. ఆ రోజు ఆమెని జరగమనలేదు. అనుంటే ఆమె వెనక్కి తిరిగేది.

ఆమె తన చేతిని చూసుకుంది. ఇవాళ కూడా సుద్దపొడి ఉంది. ఫొటో మూసి, ఫోల్డరు మూసి, బ్యాగు భుజాన వేసుకుంది. వరండాలో గుమాస్తా, ల్యాబ్ అమ్మాయి ఎదురయ్యారు. “ఫోల్డరు ఉందా అమ్మా?” అని గుమాస్తా అడిగాడు. ఉందని తలూపి, ఇద్దరికీ దణ్ణం పెట్టింది. ల్యాబ్ అమ్మాయి, “అయ్యో, మీరు నాకా టీచర్!” అని రెండడుగులు వెనక్కి వేసింది.

ఇంటి దగ్గర చెప్పుల చప్పుడు విని అత్తగారు తల ఇటు తిప్పింది.

“ఏమ్మా, పడిందా?”

“పడింది అత్తయ్యా. ఐదింటికల్లా పడింది.”

“మంచిది,” అంది ఆవిడ. లేవడానికి చెయ్యి చాపింది. టీచరు ఆ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

పడింది ఎవరి పేరో అత్తగారికి ఇంకా చెప్పలేదు.